బుధవారం ఏడింటికి మన బల్ల

తట్టా చెమ్మస్‌తో (పారతో) బొగ్గు ఎత్తిన తరం దోస్తులను వెతుక్కోలేదు. వాళ్లకు దోస్తులను పనే ఇచ్చింది. 1960ల్లో గోదావరిఖనిలో బొగ్గు బాయిలు మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన యువకులు గ్యాంగులుగా దిగారు, గ్యాంగులుగానే ఎక్కారు. ఒకరు తట్ట నింపితే ఇంకొకరు ఎత్తుకుని పోయారు. సద్ది విప్పితే తొక్కు అందరి చేతుల్లోకీ వెళ్లింది. లోపల ఎనిమిది గంటలు కలిసి చెమటోడ్చినవాళ్లు పైకి వచ్చాక చాయ్ హోటల్లో ఇంకో గంట కూర్చున్నారు. ఆ గంటను ఎవరూ ఏర్పాటు చేయలేదు, దానంతటదే కుదిరింది.

ఇప్పుడు అలా కుదరదు. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. డంపర్ ఆపరేటర్ షిఫ్టంతా క్యాబిన్‌లో ఒక్కడే కూర్చుంటాడు. పక్కన మనిషి ఉండడు, వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడికి కాంట్రాక్టు మారినప్పుడల్లా పక్కన పనిచేసేవాళ్లూ మారిపోతారు. డ్యూటీ దిగగానే ఎవరి బండి వారిది, ఎవరి ఫోన్ వారిది. ఇరవై ఏళ్లు ఒకే గని మీద పనిచేసిన ఇద్దరు ఆరు నెలలకోసారి ఏ పెళ్లిలోనో ఎదురుపడి, "కలుద్దాం రా" అనుకుని విడిపోతున్నారు. కొట్లాడుకుని దూరమైనవాళ్లు కారు వీళ్లు. కలిసే రోజు దొరక్క దూరమైనవాళ్లు.

దోస్తానీ పనితోపాటే రావడం ఆగిపోయింది కాబట్టి దానికి రోజు, టైము, చోటు మనమే వేయాలి. వారం మధ్యలో ఒక రాత్రి, మన ఊళ్లోనే మనకు నచ్చిన ఒక హోటల్, రెండు గంటలు. ఈ చిన్న ఏర్పాటును పట్టుదలగా నిలబెట్టుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఆదివారం ఎందుకు సరిపోదు

దోస్తులను కలవడం అనగానే అందరికీ ఆదివారమే గుర్తొస్తుంది. కాని బొగ్గు బెల్టులో ఆదివారం మన చేతిలో ఉండదు. ప్లే డే (సెలవు రోజు) డ్యూటీ దొరికితే రెట్టింపు జీతం, దాన్ని వదులుకోవాలని ఎవరికీ ఉండదు. డ్యూటీ లేకపోతే పెళ్లి, ఒడిబియ్యం, గృహప్రవేశం, లేదా అత్తగారి ఊరి ప్రయాణం. నెలలో దోస్తులకు మిగిలే ఆదివారం ఒకటైతే అదే గొప్ప. మీకు మిగిలిన ఆ ఒక్కటి మీ దోస్తుకు మిగలదు.

బుధవారానికి ఇంతమంది హక్కుదారులు ఉండరు. తిండి సంగతీ చూడండి. సోమవారం వేములవాడ రాజన్నకు, మంగళవారం కొండగట్టు అంజన్నకు, గురువారం సాయిబాబాకు, శుక్రవారం లక్ష్మీదేవికి, శనివారం వెంకన్నకు మొక్కి నీసు ముట్టని ఇళ్లు మన దగ్గర ఎన్నో. నలుగురు దోస్తుల మొక్కులు కలిపి చూస్తే వారం మధ్యలో అందరూ కలిసి బిర్యానీ తినగలిగేది చాలాసార్లు బుధవారమే. హోటల్లోనూ ఆ రోజు ఆదివారమంత రద్దీ ఉండదు. వెనక ఇంకో కుటుంబం టేబుల్ కోసం నిలబడి చూస్తుంటే ఎవరికీ మనసు విప్పి మాట్లాడబుద్ధి కాదు.

కలిసి తినడం వల్ల ఏం జరుగుతుందో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్ బ్రిటన్‌లో అధ్యయనం చేసి 2017లో ప్రచురించాడు. తరచూ ఇతరులతో కలిసి తినేవాళ్లు జీవితంలో ఎక్కువ తృప్తిగా ఉన్నారనీ, కష్టం వస్తే ఆదుకునే దోస్తులు వాళ్లకే ఎక్కువనీ తేలింది. రాత్రి భోజనంలో నవ్వులూ పాత ముచ్చట్లూ కలిస్తే దగ్గరితనం ఇంకా పెరిగిందని కూడా ఆయన గమనించాడు. మన పెద్దలు బాయిలో సద్ది పంచుకుని పొందింది అదే.

షిఫ్టుల లెక్క తేల్చుకోండి

"మా షిఫ్టులు కలవవు" అనేది అందరూ చెప్పే మొదటి మాట. కాగితం మీద పెట్టి చూస్తే అది సగమే నిజమని తెలుస్తుంది.

మొదటి షిఫ్టు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 వరకు. రెండోది 3 నుంచి రాత్రి 11. మూడోది, అంటే నైట్ షిఫ్టు, 11 నుంచి తెల్లారి 7. రాత్రి ఏడింటికి మొదటి షిఫ్టువాళ్లు ఇంట్లోనే ఉంటారు. నైట్ షిఫ్టుకు పోయేవాళ్లూ ఇంట్లోనే ఉంటారు. జనరల్ షిఫ్టువాళ్లూ వచ్చేసి ఉంటారు. రాలేనివాళ్లు రెండో షిఫ్టువాళ్లు మాత్రమే.

ముగ్గురు దోస్తులు మూడు వేర్వేరు షిఫ్టుల్లో ఉండి, వారం వారం షిఫ్టులు తిరుగుతున్నాయనుకోండి. ఏ బుధవారం రాత్రయినా ముగ్గురూ కలవలేరు. కాని ప్రతి బుధవారం ఇద్దరు తప్పకుండా కలవగలరు. మూడు వారాలు తిరిగేసరికి ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరితోనూ కూర్చుని ఉంటారు. చాలా బృందాలు చెదిరిపోయేది "అందరం ఉన్నప్పుడే కలుద్దాం" అనే పట్టుదల వల్లే. అందరూ ఉండే రోజు రాదు, అది వచ్చేదాకా ఎవరూ కలవరు. ఇద్దరున్నా బుధవారమే అని ముందే ఒప్పుకోండి.

రెండో షిఫ్టులో ఉన్న దోస్తును ఆ వారం పూర్తిగా వదిలేయనక్కర్లేదు. అదే రోజు పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ పెట్టుకోండి. నైట్ షిఫ్టు దిగినవారు ఇంటికి పోయి పడుకునే ముందు, మధ్యాహ్నం డ్యూటీ ఉన్నవారు తీరికగా ఉన్న సమయంలో, ఇడ్లీ, వడ, చాయ్‌తో అరగంట. ఎన్టీపీసీలో, ఎరువుల కర్మాగారంలో షిఫ్టులు చేసే దోస్తులున్నా ఇదే పద్ధతి. ప్రతి ఒక్కరి షిఫ్టులు రాసిన నెల క్యాలెండర్ ఒకటి గ్రూపులో పెడితే చాలు, ఎవరు ఎప్పుడు వస్తారో మళ్లీ అడగక్కర్లేదు.

వారానికి రెండు గంటలతో ఏమవుతుందని అనిపించవచ్చు. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ ఈ గంటలనే లెక్కగట్టి, పరిచయస్తుడు మామూలు దోస్తు కావడానికి సుమారు 50 గంటలు, గట్టి దోస్తు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుందని 2018లో తేల్చాడు. ఒకే షిఫ్టులో తిరిగే ఇద్దరు మూడు బుధవారాల్లో రెండింటికి వచ్చినా ఏడాదికి సుమారు 70 గంటలవుతాయి. మూడేళ్లలో 200 దాటుతాయి. కొత్తగా బదిలీ మీద వచ్చినవారినీ, డిపెండెంటు ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడినీ మీ బల్ల దగ్గరికి పిలవడానికి ఈ లెక్క చాలు.

ఏ హోటల్?

ఊళ్లో గొప్ప హోటల్ కోసం వెతకకండి. మూడు విషయాలు చూడండి. అందరి ఇళ్ల నుంచీ బండి మీద పదిహేను నిమిషాల్లో చేరేలా ఉండాలి. ఒకరు యైటింక్లైన్ కాలనీలో, ఒకరు ఎన్టీపీసీ దగ్గర, ఇంకొకరు మార్కండేయ కాలనీలో ఉంటే గోదావరిఖని చౌరస్తా, లక్ష్మీనగర్ ప్రాంతం అందరికీ మధ్యలో పడుతుంది. రెండోది, తిన్నాక అరగంట కూర్చున్నా లేవమనని చోటు కావాలి. మూడోది, శాకాహారం తినే దోస్తుకు ఇబ్బంది లేకుండా ఉండాలి.

దొరికాక మార్చకండి. ప్రతి వారం కొత్త హోటల్ వెతికితే "ఎటు పోదాం" అనే చర్చలోనే సాయంత్రం కరిగిపోతుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో రాసిన పుస్తకంలో ఇల్లు, పని స్థలం కాక మనిషికి మూడో చోటు ఒకటి ఉండాలన్నాడు. అక్కడ హోదా లెక్కకు రాదు, తెలిసిన ముఖాలు ఉంటాయి, ముచ్చటే ప్రధానం. మన కాలనీల్లో చాయ్ హోటళ్లు ఎన్నో ఏళ్లు చేసిన పని అదే. ఒకే హోటల్‌కు ఆరు నెలలు పోతే సర్వర్ మీకు నచ్చిన మూల చూపిస్తాడు, కారం తక్కువ తినేది ఎవరో గుర్తుపెట్టుకుంటాడు. ఆ చోటు మీదవుతుంది.

కొన్ని రోజులు మినహాయింపు ఇవ్వండి. దోస్తు అయ్యప్ప మాలలో ఉంటే నీసు వండే హోటల్‌కు రాలేడు. ఆ నలభై ఒక్క రోజులు కలిసి చాయ్ తాగడానికో, పండ్లు తినడానికో అతనికి వీలైన చోటికి మారండి. రంజాన్ నెలలో ముస్లిం దోస్తు కోసం ఇఫ్తార్ తర్వాత హలీం దగ్గర కలవండి. చోటు మారినా రోజు మారకూడదు.

బిల్లు దగ్గర మనసు నొప్పించొద్దు

ఈ ఒక్క విషయం మీద ఎన్నో దోస్తానాలు చప్పుడు లేకుండా తెగిపోయాయి. ఒకే బల్ల దగ్గర పర్మనెంట్ కార్మికుడూ, కాంట్రాక్టు కార్మికుడూ, చిన్న దుకాణం నడిపేవాడూ కూర్చుంటారు. మొదటి ఇద్దరూ ఒకే గనిలో చెమటోడ్చినా పర్మనెంట్ జీతంలో కాంట్రాక్టు జీతం చిన్న భాగమే. నాలుగు రకాల స్టార్టర్లు చెప్పి చివర్లో సమానంగా పంచితే తక్కువ జీతం ఉన్నవారు ఆ రాత్రి ఇస్తారు, వచ్చే వారం "పనుంది" అంటారు. ఆ పని ఏమిటో మీకు ఎప్పటికీ చెప్పరు.

అందుకని ఖర్చు హద్దును అందరికంటే తక్కువ సంపాదన ఉన్న దోస్తును బట్టి పెట్టండి, ఆ సంగతి బయటికి చెప్పకండి. తలా 150, తలా 200, మీకు తగినట్టు. హోటల్‌కు రాగానే ఆ డబ్బులు ఒకరి చేతికి ఇచ్చేయండి. ఆ మొత్తంలో వచ్చేదే ఆర్డర్. నలుగురికి రెండు బిర్యానీలు, ఒక కూర, రొట్టెలు వస్తే కడుపు నిండుతుంది. మిగిలిన చిల్లర డబ్బాలో వేస్తే దోస్తుల్లో ఎవరికైనా ఆస్పత్రి ఖర్చు వచ్చిన రోజు పనికొస్తుంది.

దసరా ముందు లాభాల వాటా పడినప్పుడు, దీపావళి బోనస్ వచ్చినప్పుడు దావత్ ఇవ్వాలని ఉంటుంది. సంతోషంగా ఇవ్వండి, కాని వేరే రోజు ఇవ్వండి. బుధవారం బల్ల దగ్గర అందరూ ఒకే మొత్తం వేసినవాళ్లుగానే కూర్చోవాలి.

మందు లేని బల్ల

బుధవారం రాత్రి మందు వద్దు. నైట్ షిఫ్టు దోస్తు ఇక్కడి నుంచి నేరుగా డ్యూటీకి పోతాడు. మొదటి షిఫ్టు దోస్తు తెల్లారి అయిదింటికి లేచి ఏడింటికి గని మీద ఉండాలి. తాగి గనిలోకి దిగడం నిషేధం. దానికి కారణం మనకందరికీ తెలుసు. అక్కడ ఒకరు తూలితే ప్రమాదం పక్కవారికి కూడా.

ఇంకో కారణం ఉంది. సీసా ఉన్న బల్ల దగ్గరికి మానేసిన దోస్తు రాలేడు, వచ్చినా ఆ రాత్రి అతనికి నరకం. మానడానికి ప్రయత్నిస్తున్న మనిషికి దోస్తులతో కూర్చోగలిగే ఒక చోటు ఊళ్లో ఉండాలి. ఆ చోటు మీ బల్లే కావాలి. ఇంట్లో భార్యాపిల్లలు "బుధవారమే కదా, పోయి రా" అని మనస్ఫూర్తిగా పంపేదీ అప్పుడే.

నైట్ షిఫ్టువాళ్లు తేలిగ్గా తినండి, బరువైన భోజనం అర్ధరాత్రి కళ్లను మూస్తుంది. తొమ్మిదింటికి అందరూ లేవండి. ఇంకాస్త కూర్చోవాలని ఉన్నప్పుడే లేస్తే వచ్చే వారం కాళ్లు వాటంతటవే ఇటు నడుస్తాయి.

ముచ్చట ఎటు పోవాలి

ఒక బుధవారం లక్ష్మీనగర్‌లో ఒక హోటల్ పైఅంతస్తులో పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, గంటసేపు పడుకుని వచ్చిన ఒకాయన. సబ్బుకు పోని బొగ్గు కనురెప్పల అంచుల్లో నల్లగా నిలిచి ఉంది. ఎదురుగా నైట్ షిఫ్టుకు పోయే తమ్ముడి వరస దోస్తు. అతని డ్యూటీ సంచి కుర్చీకి వేలాడుతోంది. బిర్యానీ సగమైంది. చిన్నవాడు ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నా, కుడి చెవు ఇనవడ్తలేదానే నీకు?"

"ఏం లేదు తమ్మీ, ఈడ లొల్లి ఎక్కువున్నది."

"పోయిన బుధవారం గూడ గిట్లనే ఎడమ దిక్కు తిరిగి ఇన్నవ్."

పెద్దాయన ముక్క ప్లేటులో పెట్టేశాడు. కాసేపటికి, "ఏడాదైతున్నది. మిషిన్ మోతకు గట్లనిపిస్తున్నదనుకున్న. ఇంట్ల చెప్పలే" అన్నాడు.

"రేపు మూడింటికి నువ్వు డ్యూటీ దిగంగనే ఏరియా ఆస్పత్రికి పోదాం. నేను గేటు కాడ ఉంట."

అంతే జరిగింది. ఇద్దరూ మళ్లీ తినడం మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్లు చూడలేనిది ఆ చిన్నవాడు చూడగలిగాడు, ఎందుకంటే వారం వారం అదే కుర్చీకి ఎదురుగా కూర్చుంటున్నాడు. గని కార్మికుడికి చట్టం ప్రకారం జరిగే వైద్య పరీక్ష కొన్నేళ్లకోసారి వస్తుంది. దోస్తు కళ్లు వారానికోసారి చూస్తాయి.

బాయిలో బొగ్గు తీసిన చోట కప్పు కుంగాక బోల్టులు వేయరు, కుంగకముందే వేస్తారు. దోస్తానీ కూడా అంతే. కష్టం వచ్చిన రోజున ఆరేళ్లుగా కలవని మనిషికి ఫోన్ చేయాలంటే నోరు రాదు. పోయిన బుధవారం కలిసిన మనిషికి చేయడానికి ఆలోచించక్కర్లేదు.

మాట ఇలా లోపలికి పోవాలంటే కొంచెం శ్రద్ధ కావాలి. "ఎట్లున్నవ్?" అంటే "మంచిగనే" అనే జవాబే వస్తుంది. "పోయిన వారం చెప్పిన ప్లాటు లొల్లి ఏమైంది?", "బిడ్డ హాస్టల్ల అలవాటు పడ్డదా?" అని అడగండి. గుర్తుపెట్టుకుని అడిగిన ప్రశ్న మనిషిని మాట్లాడిస్తుంది. యూనియన్ సంగతులూ వస్తాయి, రావాలి కూడా. కాని బల్ల దగ్గర ఒకరు ఏఐటీయూసీ, ఇంకొకరు ఐఎన్‌టీయూసీ, మరొకరు టీబీజీకేఎస్ కావచ్చు. గుర్తింపు సంఘం ఎన్నికలప్పుడు ఆ చర్చను చాయ్‌తో మొదలుపెట్టి, ప్లేట్లు రాగానే ఆపేయాలని ఒప్పుకోండి. ఫోన్లు జేబుల్లో ఉండాలి, ఇంటి నుంచి వచ్చే ఫోన్ ఒక్కటే ఎత్తాలి.

ఇంట్లో ఒప్పందం

మీరు బుధవారం బయటికి పోతే ఇంట్లో పిల్లల హోంవర్కు, వంట, ముసలి తల్లిదండ్రుల మందులు ఒకరి మీదే పడతాయి. ఆ ఒకరు సాధారణంగా మీ భార్య. ఆమెకు కూడా ఒక సాయంత్రం ఇవ్వకుండా మీ బుధవారాన్ని నిలబెట్టుకోవడం న్యాయం కాదు.

క్వార్టర్ల వరసల్లో ఆడవాళ్ల స్నేహాలు గట్టివి. బతుకమ్మ తొమ్మిది రోజులూ కలిసి ఆడతారు. కాని కూర్చుని ఎవరో వండినది తినే రోజు వాళ్లకు ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? భర్త పోయాక కారుణ్య నియామకంలో చేరి డ్యూటీ, ఇల్లు రెండూ మోస్తున్న ఆడవాళ్లకు ఆ రెండు గంటల అవసరం ఇంకా ఎక్కువ. ఒక వారం మీరు, ఇంకో వారం ఆమె, లేదా మీది బుధవారం, ఆమెది ఇంకో రోజు. ఆ సాయంత్రం పిల్లలకు అన్నం పెట్టడం మీ డ్యూటీ. దాన్ని నాగా పెట్టకండి.

తెగిపోకుండా చూసుకోవడం

మొదటి రెండు నెలలే కష్టం. "ఇయ్యాల ఎవరెవరు వస్తున్నరు?" అని గ్రూపులో అడగకండి. అలా అడిగితే ఒకరు రానంటారు, అది చూసి ఇంకొకరు ఆగిపోతారు. "ఏడింటికి నేను అక్కడుంట" అని మాత్రమే పెట్టండి. ఈ మాట పెట్టే బాధ్యత నెలకొకరు తీసుకోండి. రానివారిని నిష్ఠూరమాడకండి, వచ్చిన రోజు కుర్చీ లాగి కూర్చోబెట్టండి.

రోజు, చోటు కదలకుండా ఉంటే ఇంకో మేలు జరుగుతుంది. శ్రీరాంపూర్‌కో, భూపాలపల్లికో బదిలీ అయిన దోస్తు ఏదో పని మీద గోదావరిఖనికి వస్తే, దుబాయ్ నుంచి సెలవు మీద దోస్తు దిగితే, మీరు ఎక్కడుంటారో వాళ్లకు తెలుసు. సింగరేణిలో పదవీ విరమణ వయసు 61. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయాలి, మస్టర్ ఉండదు, పొద్దున లేచి పోవడానికి గని ఉండదు. అప్పటికి మీ వారంలో పనితో సంబంధం లేని ఒక రోజు నిలబడి ఉండాలి. దాన్ని 61 దాటాక మొదలుపెట్టడం చాలా కష్టం, ఇప్పుడు మొదలుపెట్టడం తేలిక.

ఈ వారం చేయాల్సినవి

1. మీరు పోగొట్టుకోకూడదనుకునే ముగ్గురి పేర్లు రాయండి. వాళ్లలో ఒకరైనా మీకంటే తక్కువ సంపాదించేవారు ఉన్నారో లేదో చూసుకోండి.

2. ఆ ముగ్గురి ఈ నెల షిఫ్టులు అడిగి క్యాలెండర్ మీద రాయండి. ప్రతి బుధవారం ఎవరు కలవగలరో గుర్తు పెట్టండి. రెండో షిఫ్టువాళ్ల కోసం పొద్దున టిఫిన్ టైము రాయండి.

3. హోటల్ ఒకటి, తలా ఎంత అనే మొత్తం ఒకటి తేల్చండి. మూడు నెలలు రెండూ మార్చకండి.

4. ఇంట్లో కూర్చుని మాట్లాడండి. మీ సాయంత్రం ఏదో, ఆమె సాయంత్రం ఏదో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.

5. మొదటి బుధవారం ఒక్కరే వచ్చినా, అసలెవరూ రాకపోయినా, అక్కడే కూర్చుని తిని రండి. మరుసటి వారం మళ్లీ వెళ్లండి. మీరు ఉంటారన్న నమ్మకం కుదిరాకే దోస్తులు వస్తారు.

ఇందులో పెద్ద ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కావాల్సింది మొదలుపెట్టే మనిషి ఒకరు. మీ బృందంలో ఆ మనిషి మీరే కండి. "బుధవారం ఏడింటికి నేను అక్కడుంట" అనే ఆ మెసేజ్‌ను తర్వాతి అధ్యాయానికి పోకముందే పంపండి.